తొట్టి చుట్టూ తడి

మా ఇంట్లో నేల మీద ఎక్కడ నీళ్లు కనబడినా ముందు నన్నే పిలిచేవాళ్లు. తుడవడానికి కాదు, తిట్టడానికి. తప్పు నాది కాదని తేలాక కూడా అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు మా అమ్మకు లేదు. "ఈ పొద్దు కాకుంటే నిన్న ఒలకబోసింటావులే" అనేది. అందుకే ఎనభైల మొదట్లో తిరుపతిలో మా నాయన కట్టిన చేపల తొట్టి చుట్టూ రోజూ పొద్దున్నే తడి కనబడడం మొదలైనప్పుడు, అది నా పని కాదని రుజువు చేసేదాకా వదలకూడదనుకున్నాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. డిగ్రీ రెండో ఏడు. నోరు పెద్దది, ఓపిక చిన్నది. ఇప్పటికీ పెద్దగా మారలేదని మా ఇంట్లోవాళ్లు అంటారు. వాళ్లు ఏదో ఒకటి అనాలి కదా.

మేం ఒక ఇరుకు సందులో మిద్దె మీద అద్దెకుండేవాళ్లం. ఒక హాలు, వంటిల్లు, చిన్న గది, బయట డాబా, డాబా చివర రేకుల స్నానాలగది. కింద ఇంటి ఓనరు ఒక్కడే ఉండేవాడు. తాలూకా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక తనే వండుకు తినేవాడు. పొద్దున ఆరింటికి మా హాలుకు సరిగ్గా కిందున్న గదిలో పడక్కుర్చీ వేసుకుని పేపరు చదవడం ఆయనకు రోజూ జరగాల్సిన పని. ఆ అరగంటలో పలకరిస్తే జవాబు కూడా చెప్పేవాడు కాదు.

కొళాయి నీళ్లు పైకి ఎక్కేవి కావు. సందు మొదట్లో ఒక్క కొళాయి ఉండేది. తెల్లవారుజామున ఐదింటి నుంచి ఆరింటి దాకా అందులో నీళ్లు వచ్చేవి. నాయన బస్సు డిపోలో మెకానిక్కు. తెల్లారకముందే డ్యూటీకి వెళ్లిపోయేవాడు. అమ్మా నేనూ బిందెలు తీసుకుని కొళాయి దగ్గరికి దిగేవాళ్లం. వరసలో నిలబడి, పట్టుకుని, ఇరవై మూడు మెట్లు ఎక్కి, పోసి, మళ్లీ దిగి. ఆ గంటసేపూ ఇంట్లో ఉండేది ఇద్దరే, మా తాత, మా అవ్వ.

మా తాత, అంటే నాయన వాళ్ల నాయన, పూతలపట్టు దగ్గర పల్లెలో సేద్యం చేసినవాడు. మాటలపోగు. ఊళ్లో ఆయన మాట్లాడకుండా ఉండేది నిద్రలోనే, అది కూడా అనుమానమే అనేది అవ్వ. మధ్యాహ్నం అన్నం తిని బావి గట్టున బోర్లా పడుకుని, లోపల తిరిగే చేపలను చూసుకుంటూ వాటితో కూడా మాట్లాడేవాడు. వాటిని ఎవరినీ పట్టనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఆ ఏడు వేరుశనగ పీకే రోజుల్లో చేనిలోనే కూలబడ్డాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. ఎడమ చెయ్యి బాగానే ఉన్నా దాన్ని కూడా ఎత్తడం మానేశాడు. తిరుపతి ఆసుపత్రిలో నెల రోజులు పెట్టుకుని ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

"మేం చెప్పేది ఆయనకు తెలస్తా ఉండాదా సార్?" అని నాయన డాక్టరును అడిగాడు.

"తెలుస్తూ ఉండొచ్చు, తెలియకపోవచ్చు. మీరు మాత్రం మాట్లాడుతూ ఉండండి" అన్నాడు డాక్టరు.

ఆ 'తెలియకపోవచ్చు' అన్న మాట మా ఇంట్లో కూర్చుండిపోయింది. అన్నం తినిపిస్తూ మాట్లాడేవాళ్లం, దుప్పటి సర్దుతూ మాట్లాడేవాళ్లం. ఆయన కళ్లు పైకప్పు దూలాలను చూస్తూ ఉండేవి. లోపల తాత ఉన్నాడా లేడా అన్నది ఎవరూ పైకి అడిగేవాళ్లు కాదు. నాకైతే ఆ మంచం దగ్గరికి వెళ్లాలంటేనే భయం వేసేది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం.

నాయనకు బావిలో చేపలు గుర్తుకొచ్చాయి. డిపోలో మిగిలిన ఇనప యాంగిల్ ముక్కలు అడిగి తెచ్చి, తనే వెల్డింగు చేసి చట్రం కట్టాడు. కొట్టులో అద్దాలు కోయించి, మూలమూలకీ పుట్టీ పెట్టి, వారం రోజులు ఆరబెట్టి నీళ్లు నింపాడు. గాలి బుడగల కోసం ఒక పాత లారీ ట్యూబులో గాలి నింపి, దాని మూతికి సన్నటి రబ్బరు గొట్టం తగిలించి తొట్టిలోకి వదిలాడు. మెడ్రాసు రూటు డ్రైవరు ఒకాయన ప్లాస్టిక్ కవరులో పది చేపలు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. కొన్ని ఎర్రవి, కొన్ని నల్లవి, రెండు చారలవి. తొట్టిని తాత మంచానికి ఎదురుగా, గోడకు మూడడుగులు ఎడంగా పెట్టించాడు నాయన.

"గోడకానించొచ్చు గదా, దావకు అడ్డం" అంది అమ్మ.

"బండైనా తొట్టైనా నాలుగు పక్కలా మనిషి తిరిగేటట్ల నిలపాల. లేకుంటే రిపేరు యాడ్నించి చేస్తావు?" అన్నాడు నాయన.

అవ్వకు ఆ తొట్టిని చూస్తే ఒళ్లు మండిపోయింది. "మనుషులకే తాగను నీళ్లు లేకుంటే చేపలకు మిద్దె కట్టినాడంట. కూర చేసుకునేదానికైనా పనికొస్తాయా ఇవి?" అని ఆ రోజంతా సణిగింది. నాలుగో రోజుకు సణుగుడు ఆగింది. ఆ వారమే చేపల కూర తినడం కూడా మానేసింది. మోకాళ్ల నొప్పులకు పడదని చెప్పింది. మేం సరేననుకున్నాం.

తొట్టి వచ్చిన వారానికి తాత ఎడమ చేతి చూపుడు వేలు కదిలింది. ముందు చూసింది అమ్మే. దుప్పటి మీద ఆ వేలు మెల్లగా ఒక సున్న చుట్టింది. ఆగింది. మళ్లీ చుట్టింది. అమ్మ కేకకు మేమందరం మంచం చుట్టూ మూగాం.

"చేపలు తిరిగేది చూపిస్తా ఉండాడు" అంది అమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా ఆ వేలు చూపించేవాళ్లం. "చేపల్ని ఎట్ల సూస్తా ఉండాడో సూడండి" అని మురిసిపోయేవాళ్లం. తాత వేలు తిప్పేవాడు, మేం నవ్వేవాళ్లం. ఆయన ఇంకా గట్టిగా తిప్పేవాడు, మేం ఇంకా నవ్వేవాళ్లం. చివరికి ఆయన విసురుగా కళ్లు మూసుకునేవాడు. అలసిపోయాడు పాపం అనుకునేవాళ్లం.

సరిగ్గా ఆ రోజుల్లోనే తడి మొదలైంది. కొళాయి నుంచి వచ్చేసరికి తొట్టి కింద కడప బండలు నల్లగా కనబడేవి. ఎండ ఎక్కేసరికి ఆరిపోయేవి. మొదటి రోజే అమ్మ నా వైపు చూసింది. "బిందె ఎత్తుకోను రాదు, పాటలు పాడను వచ్చు" అంది. నేను పాడలేదు. ఆ మాట వినే తీరిక అమ్మకు లేదు.

నాలుగు రోజులకు ఓనరు పైకి వచ్చాడు. చేతిలో తడిసిన పేపరు.

"ఏమప్పా, మీ చేపలు నా పేపరు సదవను కిందికి దిగినట్టుండాయే" అన్నాడు నాయనతో.

మంచి మనిషి. కోపం వచ్చినా అంతకంటే పెద్ద మాట రాదు. ఆయన గది పైకప్పులో సన్నటి పగులు ఉందట. రోజూ ఆరు కొట్టే సమయానికి నాలుగైదు చుక్కలు కచ్చితంగా పేపరు మీద పడుతున్నాయట. తర్వాత రోజంతా ఏమీ లేదట.

నాయనకు అది పెద్ద అవమానం. డిపోలో ట్యూబు పంక్చరు ఎక్కడుందో నీళ్ల తొట్టిలో ముంచకుండా, చెంప దగ్గర పెట్టుకుని చెప్పేయగలడని ఆయనకు పేరు. అలాంటి మనిషి కట్టిన తొట్టి కారుతుందా? సాయంత్రం లుంగీ ఎగ్గట్టి, బస్సు కింద దూరినట్టు స్టాండు కిందికి దూరాడు. పుట్టీ వెంబడి పొడి వేలు పెట్టి నాలుగు వైపులా రాసి చూశాడు. వేలు పొడిగానే ఉంది. బయటికి వచ్చి కాసేపు తల గోక్కున్నాడు.

"సల్లపొద్దులో ఇనుము ముడుచుకుంటాది. పుట్టీ రవ్వంత ఇడుస్తాది. ఎండెక్కినాక ఇనుము ఉబ్బి మల్లా మూసుకుంటాది. అందుకే పొద్దన్నే కారతాది" అన్నాడు.

"మరి నాలుగు పక్కలా ఒకే మాదిరి ఎట్ల కారతాది నాయనా?" అన్నాను.

"నాలుగు పక్కలా ఇనుమే గదా ఉండేది."

పక్కన తాత వేలు గిరగిరా తిరుగుతోంది. "సూడు, తాతకు కూడా నా మాట నచ్చినాది" అన్నాడు నాయన. తాత కళ్లు మూసుకున్నాడు.

నేను నా పరీక్ష మొదలుపెట్టాను. కాలేజీలో సైన్సు చదువుతున్నానన్న పొగరు ఉండేది. పేపరును సన్నటి ముక్కలుగా చింపి, తొట్టి అడుగు అంచుల్లో, పుట్టీకి తగిలేలా దూర్చాను. తొట్టిలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అద్దం మీద సబ్బుముక్కతో గీత గీశాను. తొట్టి పక్కనే ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి దానికీ గీత పెట్టాను. గాలికి ఆరిపోయే నీళ్లు రెండింట్లోనూ ఒకేలా తగ్గాలి. తొట్టిలో ఎక్కువ తగ్గితే కారుతున్నట్టే. మూడు రోజులు చూశాను. రెండింట్లోనూ ఒకే లెక్క తగ్గింది. పేపరు ముక్కలు కరకరలాడుతున్నాయి. కింద బండలు మాత్రం తడి.

"తొట్టి కారలా నాయనా. నీళ్లు బయట్నించి వస్తా ఉండాయి" అన్నాను.

"బయట్నించి అంటే ఇంకెవురు, నువ్వే" అంది అమ్మ వంటింట్లోంచి.

నాకు మండుకొచ్చింది. మర్నాటి నుంచి నా బిందె హాల్లోకే తేలేదు. మెట్లెక్కి, డాబా మీదుగా చుట్టు తిరిగి వంటింటి తలుపు నుంచి తీసుకుపోయాను. అమ్మను కూడా అలాగే రమ్మన్నాను. అయినా తడి వచ్చింది. ఇంకా ఎక్కువే వచ్చింది. నాయన ఒక సెలవు రోజున తొట్టిలో నీళ్లన్నీ తీసి, చేపల్ని బిందెలో వేసి, పాత పుట్టీ గీకి కొత్త పుట్టీ పెట్టాడు. అది ఆరి మళ్లీ నీళ్లు నింపేదాకా నేల పొడిగా ఉంది. నింపిన మర్నాడే తడి. ఇక తొట్టిదే తప్పని అందరూ ఖాయం చేసుకున్నారు. నా సబ్బు గీతలను ఎవరూ లెక్కచేయలేదు.

శుక్రవారం ఓనరు మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో పేపరు లేదు. అది చూసి మాకు ఇంకా భయం వేసింది.

"మిద్దె పాతదప్పా. దూలం నానిందంటే నా నెత్తినే పడతాది. ఆదివారానికి తీసేయండి. నాకూ మనసొప్పలా. పెద్దాయన దీన్ని సూస్తానే కోలుకుంటా ఉండాడని తెలుసు" అన్నాడు.

తాత వేలు ఎప్పుడూ లేనంత వేగంగా తిరిగింది. ఓనరు అది చూసి, చూడలేక, గబగబా మెట్లు దిగిపోయాడు.

తొట్టి పోతే ఆ వేలు ఆగిపోతుంది. మా అందరి భయం అదే. ఆ ఒక్క వేలు తప్ప తాత ఉన్నాడనడానికి మా దగ్గర ఇంకే ఆధారమూ లేదు. శనివారం సాయంత్రం నాయన డ్యూటీ దిగి వచ్చి, చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా మంచం పక్కన కూర్చున్నాడు.

"నాయనా, రేపు తొట్టి డిపోకు తీసకపోతా ఉండాం. అక్కడ షెడ్డులో పెడతాం. చేపలకేం కాదులే" అన్నాడు.

తాత వేలు తిరిగింది. తిరిగి తిరిగి మంచం పట్టె మీద టక్కున కొట్టింది. ఇంకోసారి కొట్టింది. నాయన ఆ వేలును పట్టుకుని ఏడ్చాడు. నాయన ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి. అవ్వ వంటింటి గడపలోంచి తొట్టి వైపే చూస్తూ నిలబడింది.

ఆదివారం నాయన డ్యూటీకి వెళ్తూ, తొమ్మిదికల్లా ఇద్దరు మనుషులతో వస్తానని చెప్పాడు. నాకు ఇంకా మూడు నాలుగు గంటలే టైముంది. అమ్మ బిందెలు పట్టుకుని ముందు దిగింది. నేను వాకిట్లో ముగ్గు డబ్బా తీశాను. రోజూ వాకిలి చల్లి ముగ్గేసేవాళ్లకు తెలుసు, పొడి బండ మీద ముగ్గుపిండి తెల్లగా ఉంటుంది, చుక్క నీళ్లు తగిలితే అక్కడ వెంటనే ముద్దకట్టి రంగు మారుతుంది. తొట్టి కారితే ఏ మూల కారుతోందో ఆ మూలే చూపిస్తుంది. జల్లెడతో పట్టి తొట్టి చుట్టూ నాలుగు వైపులా పలచగా చల్లాను. తాత నన్నే చూస్తున్నాడు. "ఇదే లాస్టు తాతా. ఇందులో కూడా తేలకుంటే నేనేం చేసేది లేదు" అని చెప్పి కొళాయికి పరిగెత్తాను.

మొదటి బిందెతో పైకి వచ్చేసరికి హాల్లో జీరో బల్బు వెలుగు, కిటికీలోంచి వచ్చే తెల్లటి వెలుగు కలిసిపోయి ఉన్నాయి. బిందె డాబా మీదే దించి లోపలికి వెళ్లి చూశాను.

ముగ్గు నిండా అడుగులు. తడి అడుగులు. అన్నీ ఒకే దిక్కుకు, తొట్టికి కుడివైపుగా తిరిగి, ఒకదాని మీద ఒకటి. వాటి వెంబడే చీర అంచు నుంచి కారినట్టు చుక్కల వరస. ఎడమ పాదం ముద్రలో నాలుగు వేళ్లే ఉన్నాయి. మా అవ్వ ఎడమ కాలి చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంటుంది, నేలకు తగలదు. తొట్టి దగ్గర నుంచి తెల్లటి అడుగులు వరసగా వంటింట్లోకి వెళ్లాయి. లోపల నుంచి గంట చప్పుడు వినబడుతోంది.

నేను కాదు. నాకు మొదట తోచింది అదే. ఇన్నాళ్లు పడిన తిట్లన్నీ గుర్తుకొచ్చాయి. అమ్మను మెట్ల మీది నుంచే కేకేసి పిలుద్దామని తిరిగాను. తాత నన్ను చూస్తూ ఉన్నాడు.

వేలు ఎత్తాడు. గాల్లో ఒక సున్న చుట్టాడు. తర్వాత ఆ వేలును వంటింటి వైపు చూపించాడు. మళ్లీ సున్న. మళ్లీ వంటిల్లు. వంటింటి వైపు చూపించడం కొత్త కాదు. ఆ వేలు సున్న చుట్టి అటు వాలడం నేను ఎన్నోసార్లు చూశాను. చెయ్యి అలిసి పక్కకు పడిపోతోందనుకున్నాను.

వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను.

"తాతా, అవ్వ తిరగతా ఉండాదనా నువ్వు చెప్పేది? ఇన్ని దినాలూ అదేనా?"

మంచం పట్టె మీద వేలు టక్కున కొట్టింది.

చేపల్ని చూపిస్తున్నాడని మేం నవ్వుతుంటే, ఊరంతా మాటలతో నింపిన ఆ మనిషి లోపల ఎంత పళ్లు నూరుకున్నాడో. మాకు వచ్చిన సమస్యేమిటో ఆయనకు తెలుసు. దాని జవాబు తెలుసు. మూడు వారాలుగా చెబుతూనే ఉన్నాడు. మేం చుట్టాలను పిలిచి ఆ వేలును చూపించుకున్నాం. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తాత నోరు ఎడమవైపు మాత్రం సాగింది. ఆయన నవ్వుతున్నాడని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

అమ్మ బిందెతో హాల్లోకే వచ్చేసింది. ఆ ముగ్గునూ, ఆ అడుగులనూ, నన్నూ చూసి బిందె దభీమని దించింది. సగం నీళ్లు నేలపాలయ్యాయి. నేనేమీ అనలేదు.

అవ్వ గడపలోకి వచ్చింది. మడిచీర తడితడిగా ఒంటికి అంటుకుని ఉంది. కాళ్లు మడమల దాకా తెల్లగా ఉన్నాయి. అద్దాలు లేవు. స్నానానికి తీసిన కళ్లద్దాలు పూజ అయ్యేదాకా పెట్టుకోదు.

"ఏంది మే, అందరూ ఈడ నిలబడినారు?" అంది.

"కాళ్లు సూసుకో అత్తా" అంది అమ్మ.

అవ్వ వంగి చూసుకుంది. వేలితో ముగ్గుపిండి తీసి కంటి దగ్గర పెట్టుకుంది. తర్వాత గడపలోనే కూలబడింది.

"నేను నీళ్లు ఒలకబోయలా. నేను కారేది నాకే తెలీదు. అద్దాల్లేకుంటే నాకేం కనబడతాది?" అంది.

మెల్లమెల్లగా చెప్పింది. తొట్టి వచ్చిన మూడో రోజు పొద్దున, ఎర్ర చేప ఒకటి అద్దం దగ్గరికి వచ్చి తాత వైపు చూస్తూ నోరు తెరిచి మూస్తూ ఉందట. స్వామి చేప రూపంలో వచ్చి ఆయనతో మాట్లాడుతున్నాడని అవ్వకు తోచింది. మోకాళ్లతో కొండెక్కలేదు, గుళ్లో ప్రదక్షిణాలు చేయలేదు. ఇంట్లోకే వచ్చిన స్వామిని ఎందుకు వదలాలి? తడిబట్టలతో మూడు చుట్లు తిరుగుతానని మొక్కుకుంది. తిరిగిన రెండు రోజులకే తాత వేలు కదిలింది. ఇంక చెప్పాలా? మూడు ఐదయ్యాయి. ఓనరు వచ్చి తొట్టి కారుతోందన్నాడు. తొట్టిని తీసేస్తారేమోనని భయపడి, తీసేయకుండా చూడు సామీ అని ఐదును పదకొండు చేసింది. చేపలు బిందెలో ఉన్న రోజుల్లో మాత్రం ఖాళీ తొట్టి చుట్టూ తిరగలేదట.

తొట్టి పోకూడదని అవ్వ తిరిగిన కొద్దీ తడి పెరిగింది. తడి పెరిగిన కొద్దీ తొట్టికి ఎసరు వచ్చింది.

"ముందే సెప్పొచ్చు గదా అత్తా?" అంది అమ్మ.

"తీరకముందే బయటికి సెప్తే మొక్కు పలించదు. ఆ చేపల్ని అన్ని మాటలన్న దాన్ని, మొగం ఎట్ల సూపించేది?"

అప్పుడు నేను చెప్పాను. తాత వేలు తిప్పింది చేపల్ని చూసి కాదవ్వా, నిన్ను చూసి. నువ్వు తిరుగుతున్నావని మాకు చెప్పడానికి.

అవ్వ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. లేచి, గోడ పట్టుకుని, తడిచీరతోనే మంచం దగ్గరికి వెళ్లింది. పెళ్లయిన నాటి నుంచీ పదిమంది ముందు ఆయనతో నేరుగా మాట్లాడిన మనిషి కాదు. ముఖం ఆయన ముఖం దగ్గరగా పెట్టింది, అద్దాలు లేవు కదా.

"అంతా సూస్తానే ఉండావా?" అంది.

టక్కుమని కొట్టింది వేలు.

"తెలిసే పండుకోనుండావా ఇన్ని దినాలు? నేను తిరగతా తిరగతా ఏందేందో మాట్లాడుకుంటా ఉంటే అదీ ఇన్యావా?"

టక్. అవ్వ ముఖం చీర కొంగులో దాచేసుకుంది. చేపల చుట్టూ తిరుగుతూ ఏం మాట్లాడిందో తర్వాత ఎన్నోసార్లు అడిగాను. పోయి చదువుకోమనేది.

ముగ్గు ఊడ్చనివ్వలేదు నేను. సాక్ష్యం కదా. తొమ్మిదింటికి నాయన డిపో నుంచి ఇద్దరు మనుషుల్ని తీసుకుని వచ్చాడు. విషయమంతా విని, గొంతుక్కూర్చుని ఆ అడుగులను పరీక్షగా చూశాడు. ఒక ముద్ర మీద వేలు పెట్టి చూశాడు.

"అయితే నా పుట్టీ కారలా" అన్నాడు.

ఆ తర్వాతే తాత వైపు తిరిగాడు. మంచం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, "నాయనా, నీకంతా తెలస్తా ఉండాదా?" అని అడిగాడు. వేలు కొట్టింది. ఆ ప్రశ్న ఆసుపత్రిలో డాక్టరును అడిగినప్పటి నుంచి నాయన దాన్ని మోస్తూనే ఉన్నాడు. తల తాత ఛాతీ మీద పెట్టుకున్నాడు. వచ్చిన ఇద్దరికీ కాఫీలిచ్చి పంపించాం.

ఓనరు పైకి వచ్చి అంతా విన్నాడు. ఆ అడుగుల మీద కాలు పడకుండా పక్కకు జరిగాడు. "నువ్వు తిరుగమ్మా. నేను కుర్సీ జరుపుకుంటా" అన్నాడు. ఆ మాట అన్నాడు కానీ, దూలం సంగతి దూలం సంగతే. నాయన ఒక లారీ టార్పాలిన్ ముక్క తెచ్చి తొట్టి చుట్టూ పరిచాడు. అవ్వ పదకొండు చుట్లు అయ్యాక దాన్ని ఎత్తి డాబా మీద దులిపే పని నాకు పడింది. ఇంట్లో నీళ్ల పని ఏదైనా నాదే కదా.

తాతకు మాట తిరిగి రాలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడడానికి ఎవరికీ భయం లేకపోయింది, నాకు కూడా. ఒక దెబ్బ అవును, రెండు దెబ్బలు కాదు. కాలేజీలో జరిగిందంతా చెప్పేదాన్ని, కావాలనే అబద్ధాలు కలిపేదాన్ని. రెండు దెబ్బలు పడేవి.

ఆ చలికాలంలో అవ్వకు వణుకుజ్వరం వచ్చింది. తలస్నానం మాట ఎత్తితే నాయన ఊరుకోనన్నాడు. మంచం పక్కనే చాప మీద పడుకుని, మొక్కు తప్పుతోందని ఆమె పడిన బాధ జ్వరం కంటే ఎక్కువ. మర్నాడు పొద్దున నేను కొళాయి నుంచి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. టార్పాలిన్ పొడిగా ఉంది. చేపలు తిరుగుతున్నాయి. తాత వేలు దుప్పటి మీద మెల్లగా సున్న చుడుతోంది. ఒకటి పూర్తయ్యాక ఊపిరి తీసుకుని ఇంకొకటి. ఎవరినీ పిలవడం లేదు, ఎవరికీ చూపించడం లేదు. నేను బిందె చంకలోంచి దించకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. అప్పటికి ఎన్ని అయ్యాయో తెలియదు. నేను చూసినవి ఏడు. తర్వాత వేలు ఆగింది.

"అయినాయా?" అంది అవ్వ, కళ్లు తెరవకుండానే.

మంచం పట్టె మీద వేలు ఒకసారి కొట్టింది. అవ్వ దుప్పటి ముఖం మీదికి లాక్కుని అటు తిరిగి పడుకుంది.